క్యారేజీ మామ్మగారి విశాఖ

బుధవారం

మా అమ్మమ్మ పోయి ఈ మార్గశిరానికి ఏడాది. సంవత్సరీకానికని అమ్మా నేనూ హైదరాబాద్‌లో గోదావరి ఎక్కాం. తెల్లవారుజామున అనకాపల్లిలో బండి ఆగేసరికే అమ్మ లేచి కూర్చుని ఉంది, ఫోన్ చేతిలో పట్టుకుని. ఇదివరకైతే సరిగ్గా ఆ టైముకి అమ్మమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేది, "ఏటమ్మా, ఎక్కడిదాకా వచ్చేరు? ఎసరు పెట్టీమంటావేటి?" అని. పొద్దున్న ఆరింటికి అన్నం ఎవరు తింటారే అని అమ్మ విసుక్కునేది, కానీ ఇంటికెళ్ళేసరికి వేడన్నం, ఆవపెట్టిన కందబచ్చలి కూర రెడీగా ఉండేవి, మేం తినేవాళ్ళం కూడా. ఈసారి దువ్వాడ దాటాం, మర్రిపాలెం దాటాం, ఫోన్ మోగలేదు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇల్లు మహారాణిపేటలో, కేజీహెచ్ (కింగ్ జార్జి ఆసుపత్రి) వెనక వీధిలో. తాతయ్య పోర్టులో గుమాస్తాగా చేరిన కొత్తలో అద్దెకి దిగి, తర్వాత కొనుక్కున్న పెంకుటిల్లు. వీధి అరుగు, లోపల రెండు గదులు, పెరట్లో గిలక బావి. కేజీహెచ్ అని మనం అంటాం గానీ శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ జనానికి అది పెద్దాసుపత్రే. 1923లో మొదలైన ఆసుపత్రి, ఇప్పటికీ ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి కూడా పెద్ద జబ్బు చేస్తే ఇక్కడికే తీసుకొస్తారు. పేషెంటుకి మంచం ఉంటుంది, భోజనం ఉంటుంది. తోడొచ్చిన వాళ్ళకే ఇబ్బంది. మూట ఎక్కడ దించుకోవాలి, స్నానం ఎక్కడ చెయ్యాలి, చంటిపిల్లకి పాలు ఎక్కడ కాచుకోవాలి, చేతిలో ఉన్న నాలుగు డబ్బులూ మందులకి దాచుకోవాలా, హోటల్లో తినెయ్యాలా. అమ్మమ్మ ఇన్నేళ్ళూ పట్టించుకున్నది ఈ తోడొచ్చిన వాళ్ళనే.

అమ్మ చిన్నప్పుడు ఒకావిడ గుమ్మంలోకొచ్చి, బిడ్డకి వేడినీళ్ళు కావాలని అడిగిందట. అమ్మమ్మ నీళ్ళు కాచి ఇచ్చి, ఆవిడ మొహం చూసి అన్నం కూడా పెట్టింది. మర్నాడు ఆవిడ ఇంకొకావిడని వెంటబెట్టుకొచ్చింది. తర్వాత ఎప్పుడో, వాళ్ళు ఇంటికి రావడానికి మొహమాటపడుతున్నారని తనే క్యారేజీ పట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో తాతయ్య జీతం ఎంతని! నెలాఖరుకి బియ్యం డబ్బా అడుగు కనపడేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కూర లేని రోజు మజ్జిగా ఉల్లిపాయా పట్టుకెళ్ళేదట, కానీ వెళ్ళడం మాత్రం మానలేదట.

ఆ క్యారేజీ ఇప్పటికీ వంటింట్లో గూట్లోనే ఉంది. ఇత్తడిది, ఐదు గిన్నెలు. ఏటా కళాయి వేయించేది. పిడి వేడెక్కుతుందని పాత చీర అంచు చింపి చుట్టింది, ఆ గుడ్డ నూనె జిడ్డుకి నల్లబడి తోలులా గట్టిపడిపోయింది. కింది రెండు గిన్నెల్లో అన్నం, మూడోదాంట్లో పప్పు, నాలుగోదాంట్లో చారు. పై గిన్నెలో మాత్రం ఉప్పు, ఊరగాయ, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక నిమ్మచెక్క. "రోగం పక్కన కూచున్నోల్లకి నోరు చచ్చిపోతాది, అన్నం దిగదు, కాస్త పుల్లగా కారంగా ఉంటే నాలుగు ముద్దలు దిగుతాది" అనేది. జబ్బేమిటని ముందుగా ఎవర్నీ అడిగేది కాదు. "ఏ ఊరమ్మా?" అన్నది మొదటి ప్రశ్న, "తిన్నావేటి?" అన్నది రెండోది. వార్డుల్లో ఆయాలకి, గేటు దగ్గర ఆటో వాళ్ళకి ఆవిడ క్యారేజీ మామ్మగారు.

కార్యక్రమం పదింటికి మొదలై మధ్యాహ్నానికి అయిపోయింది. మావయ్య నలభై మందికి వండించాడు, అంతకంటే చాలా ఎక్కువమందే వచ్చారు. సగం మంది మాకెవరికీ తెలియదు. పూలమ్మే ఆవిడ, రిటైరైన కాంపౌండరు గారు, మందుల షాపులో పనిచేసే కుర్రాడు, ఆస్పత్రి యూనిఫాంతోనే వచ్చిన ఇద్దరు ఆయాలు. అత్తయ్య మళ్ళీ ఎసరు పెట్టించింది. ఆసుపత్రి గేటు దగ్గరి ఆటో డ్రైవర్లలో ఒకాయన భోజనమయ్యాక ఆకు తీసి, చేయి కడుక్కుని, ఎవరూ చెప్పకుండానే వడ్డనలోకి దిగిపోయాడు. "మామ్మగారింట్లో ఊరికే తిని ఎల్లిపోతే ఎలాగండి" అన్నాడు.

అరకు నుంచి రావలసిన అక్క మాత్రం రాలేదు. సొంత అక్క కాదు, ఒకప్పుడు పెద్దాసుపత్రికి వచ్చి అమ్మమ్మకి దగ్గరైన మనిషి. రాజ్‌మా కోతల టైము, పొలం వదిలి రాలేనని ఫోన్ చేసింది. మీరే ఒకసారి రండి అంది. వెళ్దామని అప్పుడే అనుకున్నాను.

గురువారం

మార్గశిరంలో గురువారాన్ని విశాఖలో ఎవరూ గురువారం అనరు, లక్ష్మివారమే. తెల్లారకముందే అమ్మా, అత్తయ్యా, నేనూ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి బయల్దేరాం. ఈ నెలంతా, అందులోనూ లక్ష్మివారాలు, వన్‌టౌన్ సందులన్నీ జనంతో కిక్కిరిసిపోతాయి. క్యూ చాలాసేపు పట్టింది.

ఈ గుళ్ళో అమ్మవారికి పైకప్పు లేదు. ఎండా వానా అన్నీ ఆవిడ మీదే. పూజారి చేతికి ఇచ్చి చేయించుకోవడం కాదు, ఎవరి పసుపు కుంకాలు వాళ్ళే చేతులారా వేసుకోవచ్చు. అమ్మమ్మకి ఈ అమ్మవారంటే అంత ఇష్టం ఎందుకో అక్కడ నిలబడితే తెలుస్తుంది. మా ముందు ఒక జంట పసిగుడ్డుని తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెట్టారు, ఇక్కడ ఆనవాయితీ అది. బిడ్డ ఏడుస్తుంటే తల్లి కంగారుపడింది, వెనకున్న పెద్దావిడెవరో "ఏడవనీమ్మా, ఆవిడకి అలవాటే" అంది. ఘోషా ఆసుపత్రిలో కాన్పై డిశ్చార్జ్ అయిన బాలింతల్ని, తోడు ఎవరూ లేనివాళ్ళని, అమ్మమ్మ ఆటో ఎక్కించి ఇక్కడికి తీసుకొచ్చి, బిడ్డకి దణ్ణం పెట్టించి, అప్పుడు బస్సు ఎక్కించేదట. అత్తయ్య చెప్పేదాకా ఈ సంగతి అమ్మకి కూడా తెలియదు.

పూర్ణా మార్కెట్లో కూరలు కొనుక్కుని ఇంటికొచ్చి వంట మొదలుపెట్టాం. అమ్మమ్మ పోయాక అత్తయ్య రోజూ పంపలేకపోతోంది, ఉద్యోగం, పిల్లల చదువులు. లక్ష్మివారం ఒక్కటీ సెలవు పెట్టుకుని మరీ తప్పకుండా వెళ్తోంది. ఇత్తడిది బరువు కాబట్టి రెండు స్టీలు క్యారేజీలు. నేను ఒకటి పట్టుకున్నాను. కలెక్టరాఫీసు వైపు నుంచి కేజీహెచ్ డౌన్‌లోకి దిగుతుంటే చెయ్యి లాగేసింది. డెబ్బై దాటాక కూడా ఆవిడ రోజూ ఈ వాలు దిగి, ఎక్కి, ఎలా తిరిగిందో!

చెట్టు కింద సీతంపేట వైపు నుంచి వచ్చిన తాత ఒకాయన కూర్చున్నాడు. ముసలమ్మకి కాలు విరిగిందట, ఆపరేషన్ ఎప్పుడో ఇంకా చెప్పలేదట. అత్తయ్య ఆకులో అన్నం పెట్టగానే రెండు ముద్దలు తిని, మిగతాది మడిచి తువ్వాలులో చుట్టబోయాడు. అత్తయ్య ఆకు మీద చెయ్యి పెట్టి ఆపింది. "మామ్మగారికి వేరేగా ఇస్తాను, ఇది మీరు తినాలి, నా ఎదురుగా తినాలి" అంది. ఇది అమ్మమ్మ రూలు. తోడొచ్చినవాళ్ళు తమ కడుపు మాడ్చుకుని పేషెంటుకి దాచేస్తారు, నాలుగు రోజులయ్యేసరికి వాళ్ళే కళ్ళు తిరిగి పడిపోతారు. అందుకని పెట్టి వచ్చెయ్యకూడదు, తినేదాకా పక్కన కూర్చోవాలి, ఊరి కబుర్లు అడగాలి. తాత ఊరి కబుర్లు చెప్పాడు. ఆవు ఈనిందట, పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వచ్చాడట, పాలు పిండుకుంటున్నారో లేదో అని బెంగ. చెబుతూ చెబుతూ ఆకు ఖాళీ చేశాడు. పేదవాళ్ళకి అన్నం పెట్టేవాళ్ళు లోకంలో ఉంటారు, పక్కన కూర్చుని ఆవు సంగతి అడిగేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. మా అమ్మమ్మ అడిగేది.

శుక్రవారం

సింహాచలం. పెద్దగా రాయడానికేం లేదు, దర్శనం త్వరగానే అయింది. చందనం పూతలో ఉన్న స్వామిని చూసి, కప్పస్తంభాన్ని కౌగిలించుకుని, కిందికి దిగి సంపెంగలు కొన్నాం. అమ్మమ్మ వైశాఖంలో చందనోత్సవానికి రావాలని ఎప్పుడూ ఉబలాటపడేది కాదు. నిజరూప దర్శనానికి ఆ తొక్కిసలాటలో ఎందుకు, అప్పన్న ఎక్కడికీ పోడు అనేది. ఆవిడ పండగ ఆషాఢంలో గిరి ప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, తొలిపావంచా (కొండ కింది తొలిమెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడితే అడవివరం, హనుమంతవాక, ఇసుకతోట, మాధవధార మీదుగా తిరిగి తొలిపావంచాకే, రాత్రంతా లక్షలమంది చెప్పుల్లేకుండా నడుస్తారు. మోకాళ్ళు బాగున్నన్నాళ్ళూ తనూ నడిచింది. తర్వాత ఇసుకతోటలో చుట్టాలింటి ముందు కుర్చీ వేసుకుని, అల్లం కరివేపాకు దంచి వేసిన మజ్జిగ పంచేది. పక్కనే బకెట్లో గోరువెచ్చటి ఉప్పునీళ్ళు. కాళ్ళు బొబ్బలెక్కినవాళ్ళని కూర్చోబెట్టి అందులో పెట్టించేది, వద్దంటే ఊరుకునేది కాదు.

సాయంత్రం పెరట్లో బావి దగ్గర కూర్చున్నాం. కార్పొరేషన్ కుళాయి వచ్చాక బావి పూడ్పించేద్దామని మావయ్య ఎన్నిసార్లు అన్నా అమ్మమ్మ ఒప్పుకోలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. చెట్లన్నీ కూలిపోయి, కరెంటు స్తంభాలు విరిగిపోయి, ఊరంతా చీకటి. కరెంటు లేదు కాబట్టి మోటార్లు లేవు, అపార్ట్‌మెంట్లలో ఒక్క చుక్క నీళ్ళు లేవు. అప్పుడు మా వీధికంతటికీ ఈ గిలక బావే దిక్కైంది. అమ్మమ్మ వీధి తలుపు, పెరటి తలుపు రెండూ బార్లా తీసి ఉంచింది, రాత్రీ పగలూ. పడిపోయిన వేపచెట్టు కొమ్మలు నరికించి, పెరట్లో రాళ్ళ పొయ్యి పెట్టించి, గంజి కాచింది. పదో అంతస్తు నుంచి బిందె పట్టుకుని దిగొచ్చిన ఒక ఆఫీసరు గారి భార్యా, ఆస్పత్రి నుంచి వచ్చిన పాలకొండ ఆవిడా ఒకే చేదతో నీళ్ళు తోడుకున్నారు. ఇదంతా మావయ్యే చెప్పాడు. చెబుతూ లేచి వెళ్ళి గిలకకి నూనె వేశాడు.

శనివారం

పొద్దున్నే కిరండూల్ పాసింజరు. అమ్మ రానంది, మావయ్య కూతురూ నేనూ వెళ్ళాం. కొత్తవలస, ఎస్.కోట దాటి బొడ్డవర నుంచి కొండ ఎక్కడం మొదలవుతుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపానుకి పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. తాతయ్య పోర్టు నుంచి వచ్చేసరికి చొక్కా కాలరు ఎర్రగా ఉండేదని, ఆ దుమ్ము ఈ కొండల అవతల నుంచి వచ్చిందేనని అమ్మ చెప్పేది. ఇవాళ ఆ గూడ్సు బండ్లు ఎదురుగా దిగుతుంటే ఒక్కొక్క వ్యాగనూ చూస్తూ కూర్చున్నాను. సొరంగాల్లో పిల్లలు కేకలు పెడుతున్నారు. బొర్రా గుహలు స్టేషన్లో జామకాయలు కొనుక్కున్నాం. శిమిలిగూడ దాటాక చలి. లోయలో వలిసె పూలు, చూసినంత మేరా పసుపు.

అక్క వాళ్ళబ్బాయి స్టేషన్‌కి బైకు మీద వచ్చి మాకు ఆటో మాట్లాడాడు. ఆరడుగుల మనిషి. ఆ అబ్బాయే, మలేరియా తలకెక్కి, ఆరేళ్ళ వయసులో పెద్దాసుపత్రిలో పడి ఉన్నవాడు.

ఇంటి ముందు పరదా మీద రాజ్‌మా కాయలు ఎండుతున్నాయి. అక్క మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏమీ అనకుండా నా మొహం పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత చోడి (రాగి) అంబలి తెచ్చి ఇచ్చింది, ఉల్లిపాయ నంజుకోడానికి.

ఆవిడ చెప్పినదాన్ని ఆవిడ చెప్పినట్టే రాయాలని ఉంది, కానీ ఆ మాట తీరు నాకు రాదు. పిల్లాణ్ణి జీపులో వేసుకుని బయల్దేరినప్పుడు ఒంటి మీద చీరతో బయల్దేరింది. మొగుడు డబ్బు పట్టుకొస్తానని ఊరికి వెనక్కి వెళ్ళాడు. పిల్లాడు స్పృహలో లేడు. డాక్టర్లు చెప్పేది సగం అర్థం కాదు. ఎవరో చూపిస్తే మా అరుగు మీదకొచ్చి కూర్చుంది. అమ్మమ్మ అన్నం పెట్టింది, ఆవిడ తినలేకపోయింది. బలవంతం చెయ్యలేదు. లోపలికెళ్ళి కొబ్బరినూనె, దువ్వెన తెచ్చి, ఆవిణ్ణి తన ముందు కూర్చోబెట్టుకుని, చిక్కులు తీసి, తలకి నూనె రాసి, జడ వేసింది. ఎంతసేపు పట్టిందో తెలియదంది. ఇల్లు వదిలిన రోజు నుంచి తల దువ్వుకోలేదు అక్క. "అమ్మ పోయిన తర్వాత నా తల మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడ్చిన తర్వాత ఆకలేసింది." ఇంతే అంది, లేచి వెళ్ళి కాయలు తిరగేసింది.

పిల్లాడు బతికాడు. ఆ ఏడు పంట రాగానే అక్క ఒక బస్తా రాజ్‌మా భుజాన వేసుకుని విశాఖ వచ్చింది. అమ్మమ్మ వద్దనలేదు. ఇచ్చేవాళ్ళ చెయ్యి వెనక్కి పంపకూడదు అనేది ఎప్పుడూ. ఆ రాజ్‌మాని చింతపండు పులుసుతో వండి క్యారేజీలో ఆసుపత్రికే పట్టుకెళ్ళింది. అప్పట్నుంచి ఏటా బస్తా వస్తూనే ఉంది, ఆసుపత్రికి వెళ్తూనే ఉంది. మాకు ఈ ఏడాదిది కట్టి సిద్ధంగా ఉంచింది. పైన మిరియాలు, కాస్త పసుపు. సాయంత్రం అనంతగిరి ఘాట్ రోడ్డు మీద బస్సులో, బస్తా కాళ్ళ దగ్గర పెట్టుకుని దిగాం.

ఆదివారం

900కె బస్సెక్కి భీమిలి. మావయ్య, అమ్మ కూడా. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, ఈ రోడ్డు గురించి అందరూ రాశారు, నేను వదిలేస్తాను. పోయినేడు అమ్మమ్మ అస్థికలు కలిపింది భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసేచోటే. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి వచ్చి, తాటిపూడి రిజర్వాయరుకి చేరి, విశాఖకి తాగునీరిచ్చి ఇక్కడికొస్తుంది ఆ నది. అమ్మమ్మ పుట్టిన ఊరూ దాని ఒడ్డునే, భీమిలికి కాస్త లోపలికి. అక్కడ వాళ్ళ అక్కగారు ఉన్నారు, మా పెద్దమ్మమ్మ. తొంభై ఏళ్ళు. చెవులు సరిగ్గా వినపడవు, జ్ఞాపకం మాత్రం గట్టిది.

అమ్మమ్మకి ఈ అన్నం పెట్టే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందని గట్టిగా అరిచి అడిగాను. ఆవిడ వెంటనే "బాంబులేసిన ఏడు" అంది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. హార్బరు మీద పడ్డాయి. ఊరు ఊరంతా భయపడి పల్లెలకి పారిపోయింది. పెద్దమ్మమ్మకి అప్పుడు ఎనిమిదో తొమ్మిదో, అమ్మమ్మకి ఐదేళ్ళు. చిట్టివలస వైపు నుంచి బళ్ళ మీద, నడుచుకుంటూ, పిల్లల్ని చంకనేసుకుని జనం వచ్చేశారట, చుట్టాలున్నవాళ్ళూ, లేనివాళ్ళూ. వీళ్ళమ్మ వేపచెట్టు కింద గుండిగ పెట్టి చోడి అంబలి కాచింది. అడ్డాకు దొప్పల్లో పోసి ఇస్తుంటే పంచడం ఈ ఇద్దరు పిల్లల పని. దొప్పలు కారిపోతుంటే మా అమ్మమ్మ పరిగెత్తేదట, ఒలికిపోకముందే అందించాలని.

"మా నాయిన కోప్పడిపోనాడు. ఇత్తనాలకి దాసిన చోళ్ళు కూడా మాయమ్మ వండీసింది మరి. ఆ ఏడు ఇత్తనాలు అప్పు తెచ్చుకున్నాం. నాయిన చానా రోజులు మాటాడలేదు మాయమ్మతోటి. దానికేటి తెలుసు, సిన్న గుంట, నాయిన దగ్గిరికెల్లి, అందరూ తినీసేరు నాయినా, నువ్వు కూడా తినీ అని దొప్ప అట్టుకెల్లి పెట్టింది." పెద్దమ్మమ్మ నవ్వుతూనే చెప్పింది. మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళమ్మ ఇది ఆయనకి ఎప్పుడూ చెప్పలేదట. తాత తిన్నాడా మరి అని నేనడిగితే, "తినక ఏటి సేస్తాడు, దాని మొకం సూసి" అంది.

తర్వాత సూటిగా మావయ్యని అడిగింది. "ఇప్పుడు ఆసుపత్రికి ఎవులు అట్టుకెల్తన్నారు?"

లక్ష్మివారాలు వెళ్తున్నామని మావయ్య చెప్పాడు. మిగతా రోజులో అంది. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మావయ్య, నాకు మార్చిలో రిటైర్మెంటు, అప్పట్నుంచి రోజూ నేను పట్టుకెళ్తాను పెద్దమ్మా అన్నాడు, ఇత్తడి క్యారేజీకి మళ్ళీ కళాయి వేయిస్తాను అని కూడా అన్నాడు. అమ్మ, రాజ్‌మా బస్తా ఉంది కదా, ఈ లక్ష్మివారం దాంతోనే వండండి అంది. పెద్దమ్మమ్మకి ఇదంతా వినపడిందో లేదో తెలియదు, ఆవిడ అప్పటికే మనవణ్ణి కేకేసి అటక మీంచి చోళ్ళు దించమంటోంది. ఒక కుంచం మాకు కొలిపించింది. ఇంకో కుంచం పక్కన పెట్టించి, "ఇది నాను తెస్తాను. లక్ష్మివారం నన్ను కూడా కారెక్కించుకుని తీసుకెల్లు, నానూ సూస్తాను ఆసుపత్రి" అంది. మావయ్య బుధవారం సాయంత్రమే కారేసుకుని వస్తానన్నాడు.